మీటరు తొమ్మిది మైళ్లు వెనక్కి తిరిగిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన అంకె ఒకటుండేది. నలభై ఒక్క వేల రెండు వందల ఎనభై ఆరు. మా తాతయ్య కారు మీటరులో ఆగిపోయిన మైళ్ల లెక్క అది. ఏడో ఎక్కం దగ్గరే తడబడే నేను, ఆ అంకె మాత్రం నిద్రలో లేపి అడిగినా తప్పకుండా చెప్పేదాన్ని.

తాతయ్య పోర్టులో టగ్గు నడిపేవాడు. పెద్ద ఓడల్ని తాళ్లు కట్టి రేవులోకి లాక్కొచ్చే పడవ అది. ఊరు విడిచి పోతున్న ఒక దొర దగ్గర ఎప్పుడో కొన్న విలాయతీ కారు, పాతపోస్టాఫీసు వెనక మా ఇంటి పెరట్లో రేకుల పాక కింద ఉండేది. పోర్టు నుంచి గాలికి వచ్చే ఇనప ధూళి దాని మీద ఎర్రగా పేరుకునేది. బడి లేని మధ్యాహ్నాలు నా కాపురం అందులోనే. అద్దాలు ఎత్తేసి, మామ్మ పాత శాలువా తల మీంచి కప్పుకుని మీటర్ల మీదికి వంగితే, ఆ చీకట్లో రేడియం పూసిన అంకెలు పచ్చగా మెరిసేవి. ఎక్కడో ఓడ కూసేది. రెప్పలు బరువెక్కుతుంటే కారు మెల్లగా కదిలినట్టే ఉండేది. అలా ఎన్ని ఊళ్లు తిరిగానో చెప్పలేను. లేచి చూస్తే ముల్లు సున్నా మీదే ఉండేది.

ఆ మీటరు ఆగింది మామ్మ పోవడానికి పది రోజుల ముందు. ఎలమంచిలిలో ఆవిడ పుట్టింటికి వెళ్లి వస్తున్నాం. తాతయ్య పక్కన మామ్మ, వెనక నేను. దారి పొడుగునా మీటరు చూస్తూ మైలు మారినప్పుడల్లా పైకి చదవడం మామ్మకి అలవాటు. గాజువాకలో సోడా కొట్టు దగ్గర ఎనభై ఆరు అంది. ఆ తర్వాత ఎంత దూరం వచ్చినా అంకె మారలేదు. కిందనెక్కడో తీగ తెగింది. మామ్మ పకపకా నవ్వింది.

"మీటరు తొంగున్నాది. ఇక్కడ్నించి మనం తిరిగింది దేవుడికి కూడా లెక్క తెల్దు" అంది.

ఆవిడ పోయాక తాతయ్య కారు తియ్యలేదు. కూరేం వండాలన్నా, ఒంట్లో ఎలా ఉందన్నా, ఎవరొచ్చి పలకరించినా ఆయన నోట ఒకటే మాట: "ఇంకేటి లేదు." మంచి రోజుల్లో నాకు పెట్రోలు మీటరు చూడటం నేర్పుతూ సరదాగా అన్న మాటే అది. ముల్లు తిరిగే చోట ఒక కొసన ఎఫ్, ఇంకో కొసన ఈ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి కదా. ఎఫ్ అంటే ఫుల్లు, ఈ అంటే ఇంకేటి లేదు అని చెప్పాడు. ఇంగ్లీషులో కూడా అంతే కాబోలనుకుని బడిలో టీచరుకి చెప్పి నవ్వులపాలయ్యాను. ఇప్పుడు ఆయన ముల్లే ఈ మీదికొచ్చి ఆగిపోయింది.

ఏడాది తిరిగేసరికి నాన్న తేల్చేశాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరుకి బండి చూపించి కాగితాలు కొత్తవి రాయించుకోవాలి. పనిచెయ్యని మీటర్లతో ఆయన ఒప్పుకోడు. బాగు చేయించండి, లేదా తుక్కుకిచ్చేద్దాం అన్నాడు. తాతయ్యకి రెండూ ప్రాణం మీదికొచ్చాయి. బాగుచేస్తే మామ్మ చదివిన అంకె చెదిరిపోతుంది. చెయ్యకపోతే మామ్మ కూర్చున్న సీటే పోతుంది. మూడు రోజులు ముద్ద సరిగ్గా దిగలేదాయనకి. నాన్న ఈలోగా బ్యాటరీ మార్పించి పెట్టాడు. నాలుగో రోజు పొద్దున్నే తాతయ్య తువ్వాలు భుజాన వేసుకుని, నాతో పద గుంటా అన్నాడు.

ఏడాది తర్వాత కారు తీసి వెళ్లింది మా వీధి చివర గడియారాల సాయిబు తాత కొట్టుకి. టగ్గుల మీటర్లు కూడా ఆయనే బాగుచేసేవాడు గనక తాతయ్యకి పాత స్నేహం, ఒకరినొకరు బావా అనుకునేవారు. సాయిబు తాతకి ఒక పట్టుదల ఉండేది. ఎవరెంత బతిమాలినా మైళ్ల మీటరు వెనక్కి తిప్పడు. పాత బండి అమ్ముకునేవాడెవడైనా వచ్చి కాస్త తగ్గించమంటే, ముందు నీ వయసు తగ్గించుకుని రా అని పంపించేవాడు.

తాతయ్య లోపలికి రాలేదు. అరుగు మీద అటు తిరిగి చుట్ట ముట్టించుకున్నాడు. సాయిబు తాత కార్లోంచి మీటర్లు ఒక్కొక్కటే విప్పి తెచ్చి తెల్లగుడ్డ మీద పరిచాడు. ఉప్పుగాలికి లోపలంతా చిలుం పట్టి ఉంది. కోడి ఈక కిరసనాయిల్లో ముంచి పళ్లచక్రాలు తుడుస్తుంటే ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. అంకె మార్చొద్దు తాతా అని ఏడుపు గొంతుతో అడిగాను. ఎందుకే బేటీ అన్నాడు. అంతా చెప్పేశాను. గాజువాక, మామ్మ నవ్వు, తాతయ్య ఇంకేటి లేదు అనడం, ఏదీ దాచలేదు. ఆయన కంటికున్న భూతద్దం తియ్యకుండానే విన్నాడు. ఇక్కడ్నించి గాజువాక ఎన్ని మైళ్లని మాత్రం అడిగాడు. తొమ్మిది, మామ్మ లెక్కే అన్నాను.

తర్వాత పెట్రోలు ట్యాంకులో తేలుతూ మీటరు ముల్లుని కదిపే బెండు బయటికి తీసి, దాని తీగని వేళ్లతో కొంచెం వంచాడు. ఈ అంటే ఏటని నన్నడిగాడు. ఇంకేటి లేదు అన్నాను. నవ్వాడు.

"నా సేతిలో బాగైన మీటర్లో కాదు బేటీ. ముల్లు ఈ కాడికొచ్చినా ట్యాంకీ అడుగున ఇంటికెల్లేంత మిగిలేలాగ పెడతన్నాను. నా కాడ ఈ అంటే ఇంకేటో ఉన్నాదని."

మధ్యాహ్నానికి కొత్త తీగ వేసి అన్నీ బిగించాడు. తాతయ్య వచ్చి కూర్చుని మీటరు చూశాడు. నలభై ఒక్క వేల రెండు వందల డెబ్బై ఏడు. ఆయన మొహం కందగడ్డలా అయిపోయింది. తొమ్మిది తగ్గాయి బావా, తప్పు పడింది అన్నాడు. సాయిబు తాత చేతులు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికొచ్చాడు.

"తప్పు కాదు బావా. నా సేత్తోనే ఎనక్కి తిప్పినాను. ఇదే మొదలు, ఇదే ఆకరు. ఆ అంకె ఎక్కడ ఒగ్గీసినావో అక్కడికెల్లి తెచ్చుకో. తరవాత ముందుకెల్తావో, ఆగిపోతావో నీ ఇట్టం."

తాతయ్య బండి తీశాడు. నేను మొట్టమొదటిసారి మామ్మ సీట్లో కూర్చున్నాను. మల్కాపురం దాటాం, శ్రీహరిపురం దాటాం. ఎండలో రోడ్డు తేలుతున్నట్టుంది. ఉక్కు ఫ్యాక్టరీ పనులకెళ్లే లారీల దుమ్ములో చెట్లూ కొట్లూ ఉన్నాయో లేవో అన్నట్టు కనిపిస్తున్నాయి. శాలువా కింద నేను కన్న కలలాగే ఉంది గానీ ఈసారి ముల్లు వణుకుతోంది. డెబ్బై ఎనిమిది. డెబ్బై తొమ్మిది. మామ్మలాగే పైకి చదవడం మొదలుపెట్టాను. తాతయ్య వద్దనలేదు.

గాజువాకలో సోడా కొట్టు దాటి ఓ పది బారలు వెళ్లాక ఎనభై ఆరు వచ్చింది. వేలితో చూపించాను. తాతయ్య బండి పక్కకి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మామ్మ పోయిన రోజు కూడా ఆయన ఏడవగా నేను చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక ఆయన తువ్వాలు కొస పట్టుకుని కూర్చున్నాను.

ఎంతసేపో. మొహం తుడుచుకుని మళ్లీ బండి తీశాడు. అంకె పోతుందని భయపడి నేను కళ్లు మూసుకున్నాను. కాసేపటికి పక్కనుంచి తాతయ్య గొంతు వినపడింది. "ఎనభై ఏడు" అన్నాడు.

ఇంటిదారి పట్టాక నా కళ్లు పెట్రోలు మీటరు మీద పడ్డాయి. ముల్లు ఈ మీదుంది. ఇంకేటి లేదు తాతయ్యా అని కంగారుపడ్డాను. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఇంకేటో ఉన్నాదిలేవే" అన్నాడు. అరుగు మీద అటు తిరిగి కూర్చున్న మనిషి అన్నీ విన్నాడన్నమాట.

ఆ కారు తుక్కుకి పోలేదు. తర్వాత చాలా మైళ్లు తిరిగింది. ఇప్పుడు నాకు ఆనాటి తాతయ్య వయసు. మా ఆయన పోయి రెండేళ్లయింది. అమ్మాయి ఫోను చేసి ఏం చేస్తున్నావమ్మా అంటే, ఇంకేటి లేదు అని నోటిదాకా వస్తుంది. అక్కడ నాలుక ఆగుతుంది. ఇంకేటో ఉందిలే అంటాను. దానికి అర్థం కాదు, అడగనూ అడగదు. ఫోను పెట్టేసి చెప్పులేసుకుని వీధిలోకి వెళ్తాను. మా ఆయనా నేనూ రోజూ నడిచి వెనక్కి తిరిగే మలుపు ఒకటుంది. అక్కడిదాకా ఆయనతో నడిచినట్టే నడుస్తాను. అది దాటి ఇంకో నాలుగడుగులు వేసి, అప్పుడు ఇంటికొస్తాను.