గురువారం జపమాలలో ఎక్కువైన గొంతు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నేను ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. మా ల్యాబుకు దారి మార్చురీ పక్క నుంచే. ఇన్నేళ్ళలో ఆ దారిన నడవడానికి ఒక్కసారి కూడా తోడు అడగలేదు. గుడికి వెళ్తాను, జపమాల చెబుతాను. కానీ ఫలానావాళ్ళకి ఫలానా దర్శనం అయిందని ఎవరైనా అంటే, పాపం నిద్ర చాలలేదేమో అనుకునే రకం.

ఇది ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెడితే నాలో ఈ కుదురులేనితనం కాస్త తగ్గుతుందేమోనని రాస్తున్నాను.

మాది యానాం. పెళ్ళయ్యాక పుదుచ్చేరి వచ్చాను. అత్తవారిల్లు ముదలియార్‌పేటలో. మా మామగారి తాతల కాలంలోనే ఇక్కడికి వచ్చేసిన తెలుగు కుటుంబం. మామగారు మిల్లులో పనిచేసి రిటైరై, కాలం చేశారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, అయితే అందులో సగం తమిళం కలిసి ఉంటుంది. తెలుగు చదవడం నాకు తప్ప ఎవరికీ రాదు. మా సందులో కతోలిక కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలుగువాళ్ళం మాత్రం మేమొక్కరమే.

మాకు వారమంతా గుడితోనే గడుస్తుంది; చర్చిని మేం గుడి అనే అంటాం. ఆదివారం పొద్దున పూజ. మంగళవారం పునీత అంతోనివారి నవదిన ప్రార్థన. శనివారం మధ్యాహ్నం ఆడవాళ్ళం వెళ్ళి గుడి ఊడ్చి, బల్లలు తుడిచి, పీఠానికి పూలు కడతాం. గురువారం సాయంత్రం అన్బియం. అంటే సందులో వాళ్ళంతా వారానికొకరి ఇంట్లో చేరి జపమాల చెప్పుకోవడం. జపం తమిళంలోనే. మరియమాత చిన్న స్వరూపం ఒకటి వారం వారం ఇల్లు మారుతుంది. చివర సుండలు, అంటే గుగ్గిళ్ళు, కాఫీ. ఎవరికి సంబంధం కుదిరింది, ఎవరింట్లో మోటారు చెడింది, అన్నీ అక్కడే తెలుస్తాయి.

మా అత్తమ్మ పేరు ఆరోగ్యమ్మ. నేను కాపురానికి రాకముందు నుంచీ ఆ గురువారం జపానికి ఆవిడే పెద్ద. బొంగురు గొంతు. అందరికంటే ఒక మాట వెనక ఉంటుంది. మంగళవార్త జపం అందరూ ముగించేశాక, ఆవిడ ‘ఆమెన్’ ఒక్కటే సాగుతూ వచ్చి చేరేది. పిల్లలు దాన్ని అనుకరించి నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది.

పోయిన వానాకాలంలో అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. మనం చెప్పేది అర్థమవుతుందిగానీ తిరిగి మాట రాదని డాక్టరు చెప్పారు. ఎంత ప్రయత్నించినా ‘ఆ’ అనే శబ్దం తప్ప రాదు. ముందు గదిలో కిటికీ దగ్గర మంచం వేశాం.

ఇంకొకరి గురించి కూడా చెప్పాలి. మా మరిది లారెన్సు. ఇంట్లో అందరూ సిన్నోడు అనేవాళ్ళు. మామగారి అంత్యక్రియల రోజు తాగి వచ్చి, శవపేటిక దగ్గరే మా ఆయన మీద చెయ్యెత్తాడు. ఆ సాయంత్రం ఇల్లు వదిలి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఫోను లేదు, కబురు లేదు. వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని మా ఆయన అన్నారు. అత్తమ్మ కూడా పైకి ఎత్తేది కాదు.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం మొదలైంది. ఆ గురువారం జపం సందు చివర జెసింతా అక్క ఇంట్లో. జెసింతా అక్క బట్టలు కుడుతుంది, అత్తమ్మకు బాగా దగ్గర. నేను వెళ్ళి తలుపు పక్కన చాప మీద కూర్చున్నాను. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. రోడ్డు మీద పాలవాడి సైకిలు బెల్లు వినబడుతోంది.

రెండో రహస్యంలో, అంటే జపమాల రెండో భాగంలో అనుకుంటాను, అందరం ముగించాక ఒక ‘ఆమెన్’ వెనకగా వచ్చింది. బొంగురుగా, సాగుతూ.

ఎవరో అలవాటుగా అన్నారనుకున్నాను. తర్వాతి జపానికీ వచ్చింది. ఆ తర్వాతి దానికీ వచ్చింది. తల తిప్పి చూశాను. అక్కడున్నవాళ్ళలో అంత ముసలి గొంతు ఎవరిదీ కాదు. జెసింతా అక్క చేతిలో పూస ఆగిపోయి ఉంది. నా వైపే చూస్తోంది. జపం ముగించి, కాఫీ తాగకుండానే ఇంటికి పరిగెత్తాను.

అత్తమ్మ నిద్రపోతోంది. పక్కన మా ఆయన టీవీ చూస్తున్నారు.

“అత్తమ్మ ఏమైనా శబ్దం చేశారా?” అని అడిగాను.

“ఏం శబ్దం? నువ్వు పోయినప్పట్నించీ నిద్రే” అన్నారు.

ఏళ్ళ తరబడి విన్న గొంతు, చెవికి అలవాటైపోయి ఉంటుంది, అంతే అని సర్దిచెప్పుకున్నాను. ఆసుపత్రిలో ఇలాంటివి చూస్తాం. కాలు తీసేసినవాళ్ళకి లేని కాలు దురద పెడుతుంది. చెవికి కూడా అలాంటిదేదో ఉంటుందనుకున్నాను. కానీ ఆ వారమంతా పనిలో మనసు నిలవలేదు.

మరుసటి గురువారం కావాలనే వెళ్ళలేదు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. ఇంట్లో అత్తమ్మా నేనూ మాత్రమే. జపం జరిగే వేళకి మంచం పక్కన స్టూలు వేసుకుని, నా జపమాల తీసి మనసులోనే చెప్పుకుంటూ కూర్చున్నాను. నోటితో ఒక్క మాట అనలేదు. అత్తమ్మ మేలుకునే ఉంది, కిటికీ వైపు చూస్తూ. ఆవిడా ఏ శబ్దమూ చేయలేదు. కళ్ళు మాత్రం ఒకసారి నిండాయి, తుడిచాను.

జపం ముగిసే వేళకి జెసింతా అక్క, తన కూతురు వచ్చారు. గుమ్మంలోనే నిలబడిపోయింది అక్క. చెమటలు పట్టి ఉన్నాయి. తమిళంలో అడిగింది.

“నిర్మలా, అమ్మకి మాట వచ్చిందా?”

“లేదక్కా. ఏమైంది?”

“ఇవాళ ఆమెన్ ఒక్కటే కాదు. మూడో రహస్యం ముందు, ఎవరి కోసం ప్రార్థించాలో చెప్పుకుంటాం కదా, అప్పుడు మాట్లాడింది. ఆరోగ్యమ్మ గొంతే. మీ భాషలో. నాకేం అర్థం కాలేదు.”

“ఏమని వినబడింది?”

అక్క ఆలోచించింది. “ఉప్పు, మల్లి. అదొక్కటీ బాగా తెలిసింది. ఉప్పూ కొత్తిమీరా అడుగుతోందేమో అనుకున్నా. అయ్యో, వంటింట్లో ఏమైనా కావాలేమోనని వచ్చా.” తమిళంలో మల్లి అంటే కొత్తిమీర.

అక్క కూతురు అడ్డం వచ్చింది. “ముందు ఇంకో మాట అనింది అమ్మా. సిన్నోడు అని. చివర నీళ్ళు, నీళ్ళు అని రెండుసార్లు.”

ఆ అమ్మాయికి తెలుగు రాదు. సిన్నోడు వెళ్ళిపోయేటప్పటికి చిన్నపిల్ల, ఆ పేరు గుర్తుండే అవకాశం లేదు. ఉప్పు మల్లి అంటే ఏమిటో నాకు ఒక్క క్షణంలో తెలిసింది. ఉప్పుమళ్ళు. సముద్రపు నీళ్ళు కట్టి ఉప్పు పండించే మళ్ళు. కాకినాడ వైపు వెళ్తుంటే మా చిన్నప్పుడు బస్సులోంచి తెల్లగా కనబడేవి.

సిన్నోడు. ఉప్పుమళ్ళు. నీళ్ళు.

మా ఆయన డ్యూటీ నుంచి రాగానే చెప్పాను. ఆయన చొక్కా విప్పుతూ ఆగిపోయారు.

“ఉప్పుమళ్ళు అంటే ఏంది?”

చెప్పాను.

“దాన్ని మేం ఉప్పళం అంటాం. మా అమ్మకి నువ్వు చెప్పే ఆ మాట తెలవదు. పుట్టింది పెరిగింది అంతా ఈడనే గదా.”

ఆయన చెప్పింది నిజమే. ఆ ఇంట్లో ఆ మాట నేను తప్ప ఇంకెవరూ అనరు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

“ఏదైనా సరే, ఒకసారి వెళ్ళి చూద్దామండీ. మరక్కాణంలో ఉప్పుమళ్ళున్నాయి, ఎంతో దూరం లేదు కదా” అన్నాను.

“ఏమని పోయేది? అమ్మ జపంలో చెప్పిందనా? వాడు యాడ ఉంటే మనకేంది.” అని భోజనానికి కూర్చున్నారు. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నారు. శనివారం నేను గుడి ఊడ్చి వచ్చేసరికి ఆయన అత్తమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. ఆదివారం పూజ అయ్యాక, గుడి మెట్లు దిగుతూ ఆయనే అన్నారు.

“సరి. ఊరికే చూసొద్దాం. లేకుంటే నీకూ నిద్ర పట్టదు, నాకూ పట్టదు.”

జెసింతా అక్కను అత్తమ్మ దగ్గర ఉంచి బస్సెక్కాం. పిళ్ళైచావడి దాటి, సముద్రం పక్కనే దారి. మరక్కాణం దగ్గర దిగేసరికి ఎండ మండిపోతోంది. ఎటు చూసినా తెల్లటి ఉప్పు కుప్పలు, కళ్ళు తెరవలేకపోయాం. టీ కొట్లో మా ఆయన అడిగారు, పుదుచ్చేరి నుంచి వచ్చిన లారెన్సు అనే మనిషి ఎవరైనా ఇక్కడ పని చేస్తున్నాడా అని. కొట్టతను తెలియదనలేదు. అడ్డంగా ఒక గట్టు చూపించి, ఆ చివర షెడ్డులో అడగమన్నాడు.

దొరకడని చూసుకుని తిరిగి వచ్చేద్దామనే నేనూ బయల్దేరానని అప్పుడు తెలిసింది.

తాటాకు షెడ్డులో గోనె సంచుల మీద పడుకుని ఉన్నాడు. గడ్డం పెరిగిపోయింది. కుడి పాదానికి గుడ్డ చుట్టి ఉంది, వాసన వస్తోంది. ఒళ్ళు కాలిపోతోంది. పక్క షెడ్డులో ఉండే ఒకావిడ వచ్చి చెప్పింది. కాలు తెగి, ఉప్పునీళ్ళలోనే పని చేశాడట. జ్వరం వచ్చి ఈ వారం లేవడం మానేశాడు. ఏదో భాషలో కలవరిస్తున్నాడు, ఏం కావాలో మాకు తెలియలేదు అంది.

మా ఆయన వంగి “సిన్నోడా” అన్నారు. వాడు కళ్ళు తెరిచాడు. గుర్తుపట్టాడో లేదో తెలియదు.

“అన్నా, నీళ్ళు” అన్నాడు.

ఆటోలో వేసుకుని, అక్కడి నుంచి అంబులెన్సులో పుదుచ్చేరికి తెచ్చాం. దారంతా మా ఆయన వాడి తల ఒళ్ళో పెట్టుకున్నారు. సుగరు ఉన్నట్టు వాడికే తెలియదు. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే కాలు కాదు, మనిషే దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు. కాలివేళ్ళు తీసేయాల్సి వచ్చింది. బతికాడు.

కోలుకున్నాక నేను అడిగాను, అక్కడున్నట్టు ఎవరికైనా చెప్పావా అని.

“ఎవురికీ చెప్పలా వదినా. చెప్పేదానికి మొహం యాడుంది నాకు?”

ఈస్టరు ముందు వారం ఇంటికి తీసుకొచ్చాం. అత్తమ్మ ఎడమ చెయ్యి చాచి వాడి చెవి పట్టుకుంది, చిన్నపిల్లల్ని పట్టుకున్నట్టు. అలాగే చాలాసేపు వదల్లేదు. వాడు మంచం అంచున తల పెట్టి ఏడ్చాడు.

ఆ గొంతు మళ్ళీ వినబడలేదు. కానీ సందు మునుపటిలా లేదు. ఇద్దరు ముగ్గురు గురువారం జపానికి రావడం మానేశారు. ఒకావిడ అది సైతాను పని అంది. ఫాదరుకు చెప్పాం. ఆయన నవ్వలేదు, భయపడలేదు. “మనిషి దొరికాడు. దానికి కృతజ్ఞత చెప్పండి, మిగతాది తవ్వకండి” అన్నారు.

తవ్వకుండా ఉండటం నాకు చేతకావడం లేదు. ఒకరోజు మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే మా ఆయన ఉన్నట్టుండి అన్నారు.

“ఆ ఉప్పుమళ్ళు అనే మాట మా అమ్మది గాదు. నీది.”

“నేను ఇంట్లో ఉన్నాను కదండీ.”

“అది నాకు తెలుసు” అన్నారు. కోపంగా కాదు. ఆయనకీ నాలాగే లోపల ఏదో నలుగుతోంది.

ఆ తర్వాత అందరూ బయటికి వెళ్ళిన ఒక పూట అత్తమ్మ పక్కన కూర్చున్నాను. తల ఊపి అవును, కాదు అని చెప్పడం ఆవిడకి వచ్చు. ఇలాంటి రోగుల తలూపును పూర్తిగా నమ్మకూడదని మాకు చెబుతారు. అందుకే ముందు తెలిసిన సంగతులే అడిగాను. కాఫీ తాగారా? అవును. ఇవాళ ఆదివారమా? కాదు. సిన్నోడు గుడికి వెళ్ళాడా? అవును. అన్నీ సరిగ్గానే చెప్పింది.

“అత్తమ్మా, సిన్నోడు ఉప్పుమళ్ళలో ఉన్నాడని జపంలో చెప్పింది మీరేనా?”

నా మొహంలోకి చూసింది. కాదు అని తల ఊపింది. తొందరపడకుండా, రెండుసార్లు.

“మరెవరు?”

ఎడమ చెయ్యి మెల్లగా పైకెత్తి నా గొంతు మీద, గడ్డం కింద, అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. ముద్దుగా పెట్టిందో, జవాబుగా పెట్టిందో నాకు తెలియలేదు. మళ్ళీ అడగడానికి ధైర్యం చాలలేదు.

అప్పటినుంచీ ఆ గురువారం సాయంత్రాన్ని లోపల తిప్పితిప్పి చూసుకుంటున్నాను. స్టూలు, కిటికీ, చేతిలో పూసలు, అత్తమ్మ కళ్ళు తుడవడం, అన్నీ గుర్తున్నాయి. ఆ సాయంత్రం నేను నోరు విప్పలేదు. అది మాత్రం నాకు తెలుసు. అంతకు మించి నేను ఎవరికీ ఏమీ చెప్పలేను.