బిందె నిండేదాకా

నాది సాలూరు. పెళ్ళి వీడియోలు తీస్తూ తీస్తూ అరకు చేరాను. ఇక్కడ పెళ్ళిళ్ళకన్నా పెళ్ళికి ముందు తీయించుకునే పాటలకే గిరాకీ. కాఫీ తోటలో జంటని నడిపించి, వెనక నుంచి డ్రోన్ లేపి, పొగమంచు లేని రోజున నేనే కాస్త పొగమంచు కలిపి ఇచ్చేవాణ్ణి. మధ్యలో రెండు షార్ట్ ఫిల్ములు కూడా తీశాను. ఒకదానికి విశాఖపట్నంలో చిన్న బహుమతి వచ్చింది. అది నా తలకెక్కింది. ఎవరు కెమెరా మాటెత్తినా మధ్యలో దూరి, షాటు ఎక్కడ కొయ్యాలో, శబ్దం ఎక్కడ తగ్గించాలో పాఠం చెప్పేవాణ్ణి.

ఒక ఏప్రిల్‌లో, సంత రోజున, ఒకావిడ నా స్టూడియోకి వచ్చింది. కొండ మీద పాతిక ఇళ్ళ ఊరు వాళ్ళది. ఊరందరికీ ఉన్నది ఒక్కటే ఊట. చలికాలం వెళ్ళేసరికి అది చిక్కిపోయి రాతి సందులో దోసెడు నీళ్ళుగా మిగులుతుంది. పై కొండ మీద ఏడాది పొడుగునా పారే గడ్డ, అంటే కొండవాగు, ఉంది. అక్కణ్ణుంచి పైపు వేస్తే నీళ్ళు వాటంతటవే ఊళ్ళోకి దిగుతాయి. దానికోసం రెండేళ్ళుగా అర్జీలు పెడుతున్నారు. కాగితమైతే ఎవరూ చదవరు, సినిమా అయితే చూస్తారని ఎవరో చెప్పారట.

"మా ఆడగుంట ఆరో క్లాసు సదువుతుండేది తమ్ముడూ. ఊట కాడ కూకోడానికి మనిషి నేక సగంలో మానిపించీసినాను. నాను కూలికెల్లకపోతే మాకు తిండి నేదు. కుళాయొస్తే దాన్ని మళ్ళీ బడికి పంపుతాను," అంది. వచ్చే నెల మండల సమావేశానికి పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. ఆయన ఒక్కసారి చూస్తే చాలని ఆమె ఆశ.

మర్నాడే వెళ్ళాను. పిల్లకి పదకొండేళ్ళుంటాయి. రాతి పక్కన గొంతుక్కూర్చుని, స్టీలు గ్లాసుతో నీళ్ళు తోడి సిలవరు బిందెలో పోసేది. గ్లాసు సగం కూడా నిండేది కాదు. మళ్ళీ నీళ్ళు ఊరేదాకా ఆగేది. గ్లాసు రాతి మీద గీసుకున్నప్పుడల్లా హెడ్‌ఫోన్లలో పళ్ళు జివ్వుమనేవి. మైకు ఎటు జరిపినా అదే చప్పుడు. ఎడిటింగులో తీసేద్దాంలే అనుకున్నాను.

నాలుగు రోజులు కూర్చుని కోశాను. ఎండిన కొండకి కొంచెం పచ్చరంగు ఎక్కించాను. గ్లాసు చప్పుడు తీసేసి, నీళ్ళ కథ కదా అని సెలయేటి గలగల వేశాను. దూరంగా కప్పలు, ఆఖర్న వేణువు. గ్లాసు రాతిని తాకడం, పిల్ల నుదుటి మీద చెమట, నిండిన బిందె, అన్నీ ఆరు సెకన్లలో వచ్చేలా అతికించాను. నిజం చెప్పాలంటే నాకు బాగా నచ్చింది. నా సినిమా చూసి నాకే కళ్ళు చెమర్చాయి.

ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరెళ్ళి, వాళ్ళింటి అరుగు మీద తల్లికీ కూతురికీ చూపించాను. ఆమె చివరిదాకా చూసింది.

"ఇదెక్కడ తీసినావు తమ్ముడూ?"

"మీ ఊట దగ్గరే కదక్కా."

"కప్పలరుస్తన్నాయి. కప్పలరిసినాయంటే వానలు పడిపోయినట్టే. కొండ పచ్చగుంది, గడ్డ పారతంది. ఇంక కుళాయెందుకంటాడు ఆఫీసరు." గొంతులో కోపమేమీ లేదు. "బిందె అంత బేగి నిండితే నాను నీ కాడికెందుకొత్తాను?"

పిల్ల మొహం పక్కకి తిప్పుకుని నవ్వాపుకుంటోంది. నాకు ఒళ్ళు మండింది. సినిమా గురించి తెలియని వాళ్ళకి చూపించడం నాదే బుద్ధితక్కువ అనుకుంటూ ల్యాప్‌టాప్ మూసేసి బయల్దేరాను.

బండి మీద ఘాట్ రోడ్డు దిగుతుంటే కోపం తగ్గి సిగ్గు మొదలైంది. నాకు కప్పల అరుపంటే పల్లెటూరు. ఆమెకి అది జూన్ నెల. ఆ శబ్దానికి అర్థం ఉందని నాకు తెలుసు, కానీ అది నా అర్థమే అనుకున్నాను. రంగు, కోత, సెలయేరు, నాకు వచ్చిన విద్యంతా పోగేసి పెట్టాను. అదంతా ఆఫీసరు వైపు నిలబడి ఆమెకి నీళ్ళు అక్కర్లేదని సాక్ష్యం చెబుతోంది.

షూటింగు రోజున ఆవిడ అంబలి తాగమని పిలిస్తే, స్టాండు మీద కెమెరా ఆపడం మర్చిపోయి వెళ్ళాను. ఆ ఫైలు ఇంకా ఉంది. కదలని ఒకటే షాటు, పిల్ల, రాయి, గ్లాసు, బిందె. కోయకుండా, రంగు ముట్టుకోకుండా, సంగీతం లేకుండా దాన్నే తీసుకెళ్ళాను. ఇది సినిమా ఎలా అవుతుందని దారి పొడుగునా అనుమానమే.

సమావేశం హాల్లో కిటికీలకి దుప్పట్లు కట్టి గోడ మీద సినిమా వేశాం. ఆఫీసరు ముందు వరసలో, తల్లీ కూతుళ్ళు చిట్టచివర. మొదటి నిమిషం అందరూ చూశారు. రెండో నిమిషంలో ఫోన్లు బయటికొచ్చాయి. గ్లాసు గీసుకున్నప్పుడల్లా ఒకాయన చెవి రుద్దుకున్నాడు. నాలుగో నిమిషంలో ఆఫీసరు నా వైపు తిరిగి, మర్యాదగానే, "అర్థమైందండీ, కొంచెం ముందుకి జరపండి," అన్నాడు. చెడ్డమనిషేం కాదు. ఆ రోజు ఆయన వినాల్సిన ఊళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. నా వేలు మీట మీదికి వెళ్ళింది. జరిపేసేవాణ్ణే.

"జరపకు తమ్ముడూ." ఆమె లేచి నిలబడింది. "బాబూ, బిందె ఇంకా నిండనేదు."

ఆఫీసరు వెనక్కి తిరిగి ఆమెని చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగాడు. టీలు తెచ్చినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. గ్లాసు గీసుకున్న చప్పుడు, పోసిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేనప్పుడు గదంతా తర్వాతి చప్పుడు కోసం కాచుకుంది. దాన్ని తీసిపారేసిన నేను కూడా అది ఎప్పుడు వస్తుందా అని చెవులు రిక్కించాను, అది వస్తేనే నాలుగు గుక్కల నీళ్ళు వచ్చినట్టు.

పద్దెనిమిదో నిమిషంలో బిందె నిండింది. పిల్ల దాన్ని పక్కకి జరిపింది. హాల్లో కుర్చీలు కదిలాయి. ఆఫీసరు లేవబోయాడు. గోడ మీద పిల్ల ఇంకో ఖాళీ బిందె తెచ్చి అక్కడే పెట్టి గ్లాసు అందుకుంది.

"ఇంకా ఉందా?" అన్నాడాయన నాతో.

జవాబు పిల్ల చెప్పింది. "పూటకి ఆరు బిందెలండి."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. ఏం చదువుతున్నావమ్మా అని అడిగాడు. పిల్ల తన తల్లి వైపు చూసింది.

ఆగస్టులో పైపు వేశారు. తల్లి ఫోన్ చేసి చెప్పింది. గుంటని మళ్ళీ ఆరులో చేర్పించాననీ, దాని నేస్తాలంతా ఏడులో ఉంటే అదొక్కతే చిన్నపిల్లల మధ్య పొడుగ్గా కూర్చుందనీ నవ్వుతూ చెప్పింది. ఆమె సంతోషం నాకూ సంతోషమే. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాళ్ళు పెట్టిన మొదటి అర్జీని ఎవరైనా చివరిదాకా చదివుంటే ఆ పిల్ల ఇప్పుడు ఏడులో ఉండేది.