పరదా వెనక పానా

మొన్న పొద్దున మా మనవరాలు కొత్త గేర్ల సైకిలు మీద గల్లీలోకి తిరుగుతుంటే, లోపల బియ్యం ఏరుతున్న నాకు టక్కుమన్న చప్పుడు వినిపించింది. కాసేపాగి మళ్ళీ టక్కు. "చైన్ల ఒక కడియం బిగుసుకున్నది బిడ్డా, చుక్క నూనె వెయ్యి" అన్నాను తల ఎత్తకుండానే. అది నోరు తెరిచింది. "నీకెట్ల తెలుసు అమ్మమ్మా?" ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికే చెప్పని సంగతి, దీనికేం చెప్పను? "టీవీల చూసిన" అన్నాను.

మా నాయినకు వరంగల్‌లో సైకిల్ షాపు ఉండేది. ఇంటి ముందు గదే షాపు. దానికీ నడింటికీ మధ్య అమ్మ పాత చీరతో కుట్టిన పరదా. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, వేరే పని లేక నేను ఆ పరదా వెనక నుంచి వినడం మొదలుపెట్టాను. వినగా వినగా, సైకిలు తన రోగం తానే చెప్పుకుంటుందని అర్థమైంది. పెడల్ చుట్టుకొకసారి కొడితే ముందున్న పండ్ల చక్రం వంగినట్టు. రెండు మూడు చుట్లకొకసారి కొడితే చైన్లో ఏదో కడియం తిరగనట్టు. బరువేసి తొక్కినప్పుడే జారితే వెనక ఫ్రీవీలు పండ్లు అరిగినట్టు. నాయిన మొదట నవ్వాడు. నాలుగైదుసార్లు నా మాటే నిజమయ్యేసరికి, సైకిలిచ్చిన గిరాకీ అటు పోగానే దాన్ని లోపలికి తోసి "జర చూడు బిడ్డా" అనేవాడు. నేను పానా పట్టుకుని బాగుచేసేదాన్ని. సాయంత్రం గిరాకీ వస్తే "మావోడు పట్టిండు" అని అన్నను చూపించేవాడు. అన్నకు సైకిలు కంటే తన క్రాపు మీద శ్రద్ధ ఎక్కువ. అయినా నాకు కోపం రాలేదు. నా చేతి సైకిలు రోడ్డు మీద చప్పుడు లేకుండా పోతుంటే అదే చాలనిపించేది.

అట్లాంటి రోజుల్లో బజారులోని బట్టల సేటు కొడుకు బొంబాయి నుంచి తెప్పించుకున్న గేర్ల సైకిలు మా షాపుకొచ్చింది. ఎక్కడో కింద పడేశాడట, చైను ఏ గేరులోనూ నిలవడం లేదు. అన్న రెండు రోజులు గేరు స్క్రూలు ఇటూ అటూ తిప్పాడు. చైను కూడా కొత్తది వేశాడు. మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు నేను వెనక చక్రం దగ్గర కూర్చుని చూశాను. నిటారుగా వేలాడాల్సిన, చైనును గేరు మార్చే ముక్క చక్రం పుల్లల వైపు ఒరిగి ఉంది.

"అన్నా, గిది లోపలికి వంగింది. ఎత్తు ఎక్కుతాంటె వెనక పెద్ద గేరు ఏసిండంటే పుల్లల్ల పడ్తది. సక్కగ చేసేదాక ఇయ్యకు" అన్నాను.

"గేర్ల సైకిల్ ఎన్నడన్న చూసినవానె నువ్వు?" అన్నాడు. తనూ చూడలేదు. నాయినకు చెప్పాను. "వాడు చేసిండు గద, నువ్వు లోపలికి పో" అన్నాడు.

ఆ సాయంత్రమే సైకిలు ఇచ్చేశారు. హనుమకొండ తోవలో ఎత్తు రాగానే ఆ పిల్లగాడు పెద్ద గేరు వేశాడు. ముక్క పుల్లల్లోకి పోయి, చక్రం బిగుసుకుని, మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడ్డాడు. ముందు పండ్లు రెండు పోయాయి, మణికట్టు విరిగింది.

మర్నాడు సేటు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. "ఎవడు చేసిండు దీన్ని?" అన్నాడు. అన్న తల దించుకున్నాడు. నాయిన చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "తప్పు మాదే సేటూ. మా పిల్ల తెలువక చెయ్యి వెట్టింది. మావోనికి ఎరుక లేదు" అన్నాడు.

అన్నాళ్ళ పనిలో నా సంగతి పరదా దాటి బయటికి పోవడం అదే మొదటిసారి. అరవాలనుకున్నాను. పరదా అంచు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. వాళ్ళు తిట్టి పోయాక నాయిన నా మొహం చూడకుండానే అన్నాడు: "వాని బతుకు ఈ షాపు మీదున్నది బిడ్డా. నువ్వెట్లయిన పొయ్యేదానివే."

నేను మళ్ళీ పానా ముట్టలేదు. మరుసటేడు పెళ్ళయి కాజీపేట రైల్వే క్వార్టర్లకు వచ్చాను. అన్న చేతిలో షాపు మెల్లగా పలచబడింది.

ఒక ఎండాకాలం నాయిన అంత దూరం సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. దిగకముందే నాకు వినిపించింది, కొత్త చైను అరిగిన ఫ్రీవీలు మీద జారుతున్న చప్పుడు. మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి, "చైను కొత్తదే ఏసినం, అయినా జారుతాంది. మీ అన్నకు సమజ్ అయితలేదు. జర చూడు బిడ్డా" అన్నాడు.

ఫ్రీవీలు మార్చమంటే ఒక్క మాటతో పోయేది.

"నాకేం తెలుసు నాయినా, ఆడపిల్లను" అన్నాను.

ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకుని, సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ క్వార్టర్ల వరస దాటి పోయాడు. వాకిట్లో నిలబడి చూశాను. కడుపు చల్లబడ్డట్టయింది. ఆ చల్లదనం పొద్దుగూకేదాకా కూడా నిలవలేదు.

తర్వాత నాలుగేళ్ళు బతికాడు. వచ్చినప్పుడల్లా బస్సులోనే వచ్చాడు. అల్లుడి డ్యూటీ గురించి, పిల్లల జ్వరాల గురించి మాట్లాడుకున్నాం. సైకిలు మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చెప్పుకోవడానికి అప్పుడు ఇద్దరికీ వ్యవధి ఉన్నదనుకున్నాం. ఇప్పుడు ఆ వ్యవధంతా నా ఒక్కదాని దగ్గరే మిగిలింది.