పిట్టకు పెట్టిన పాట

నా చెల్లెలి కూతురు డిగ్రీ చదువుకు నల్లగొండలో మా ఇంట్లో ఉన్నంత కాలం, ఒక విదేశీ పాటల బృందం కచేరీ యాత్ర మీద తీసిన చిత్రాన్ని నేను కోరకుండానే చాలాసార్లు చూడవలసి వచ్చింది. అందులో కథ లేదు. ఐదుగురు యువకులు ఒక నగరంలో దిగుతారు, పాడతారు, జనం ఏడుస్తారు. వేదికను విప్పి లారీలకెత్తించి మరో నగరానికి పోతారు. వాళ్ల భాష మా ఇంట్లో ఎవరికీ రాదు. అయినా ఆదివారం భోజనాలు కాగానే ఆమె ఫోన్‌ను టీవీకి కలిపేది.

“ఎన్నిసార్లు చూస్తవే?” అని విసుక్కున్నాను ఒకసారి.

“మీ ఇంట్ల ఒక్కటే డిజైను ఎన్ని చీరలు నేసిన్రు మామా? అప్పుడు విసుగు రాలేదా?”

మాది నేత కుటుంబం. నేను ఆఫీసు ఉద్యోగంలో చేరి ఊరు విడిచాను; చెల్లెలు మాత్రం ఊళ్లోనే ఆసు పోస్తుంది. మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ చీరకు సిద్ధం చేసే పని అది. రోజంతా తిప్పీ తిప్పీ ఆమె కుడి భుజం ఎత్తలేని స్థితికి వచ్చింది. చిత్రంలో ఒక గాయకుడు తెర వెనుక వాచిన మోకాలికి మంచుగడ్డ అదిమి, పేరు పిలవగానే లేచి నవ్వుతూ వేదికెక్కే ఘట్టం వస్తే, ఆ పిల్ల ప్రతిసారీ మాట ఆపేసేది. “అమ్మ గిట్లనే లేస్తది,” అంది ఒకనాడు. చిత్రం ఆమెకు ఎందుకు పాతబడదో అప్పుడు కొంత తెలిసింది.

ఆ చిత్రాన్ని హైదరాబాదులో ఒక్క ఆట మళ్లీ వేస్తారని తెలిసి, స్నేహితురాళ్లతో పోతానని తల్లిని అడిగింది. పెండ్లివారి చీరలు అందించవలసిన వారం అది. భుజం లేవని తల్లి, “సినిమా యాడికి పోదు, ముందు ఇంటికొచ్చి ఆసు పట్టు,” అంది. పిల్ల ఊరికి పోయి పట్టింది. చీరలు అందాయి. ఆ వెంటనే జ్వరం పడింది, డెంగీ అన్నారు. దవాఖానలో చేర్చిన మూడో రోజు పోయింది. పెండ్లి కానిది కనుక పూడ్చిపెట్టారు.

మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా కనిపెట్టుకొని ఉండడం మా ఆచారం. ముట్టకపోతే తీరని కోరిక ఉన్నట్టు. పులిహోర, కోడికూర, మిర్చి బజ్జీ పెట్టాం. తుమ్మచెట్టు మీద రెండు కాకులు కూర్చున్నాయి గాని దిగలేదు. పిల్ల తమ్ముణ్ణి బాగా చదివిస్తామని తండ్రి మొక్కాడు. అయినా దిగలేదు. చెల్లెలు నా వైపు తిరిగింది.

“అన్నా, అది చూసే పాటల సినిమా నీ ఫోన్ల ఉన్నదా?”

ఉంది, పిల్లే ఎక్కించి పెట్టింది. పిల్ల పెదనాన్నకు కోపం వచ్చింది. “పిట్టకు సినిమా పెడ్తరా? ఊరంత నవ్వుతది!”

పిల్ల నాయనమ్మ అందుకుంది. “నవ్వనియ్యిరా. మీ నాయినకు బీడీ ముట్టిచ్చి పెట్టినవు గదా, అప్పుడు నవ్విన్రా? ఆయన తాగిండా గా బీడీ?”

ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి పెట్టాను. చిత్రం మొదలుకావడమే వేలమంది కేకతో మొదలవుతుంది. ఆ కేకకు రెండు కాకులూ లేచిపోయాయి.

“ఉన్నయి గూడ పాయె!” అన్నాడు పెదనాన్న.

చెల్లెలు ఆపనివ్వలేదు. ఎండ నెత్తికెక్కేదాకా కూర్చున్నాం. ఏ పిట్టా రాలేదు. విస్తరిని ఆవుకు పెట్టి స్నానాలకు పోయాం.

చప్పుడుకు బెదిరి పోయాయే గాని పిల్ల అలక వల్ల కాదని దారి పొడుగునా చెల్లెలికి చెప్పాను. “సినిమాకు పోనియ్యకపోతిని,” అన్న ఒక్క మాటే ఆమె నోట వచ్చింది.

నెల మాసికానికి వెళ్లేసరికి ఆమె ఆసు పోస్తూ ఎదురుగా తన ఫోన్‌లో ఆ చిత్రమే పెట్టుకొని ఉంది. ఆ నెలలో ఏ రోజూ చిత్రం చూడడం మానలేదని బావ చెప్పాడు. విస్తరిని డాబా మీద పెట్టాం. ఈసారి ఆమె ఫోన్ శబ్దం పూర్తిగా తీసేసింది. గాయకులు నోళ్లు తెరుస్తున్నారు, జనం చేతులూపుతున్నారు, ఏదీ వినబడదు. చెల్లెలు తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

పిట్టగోడ మీద ఒక కాకి వాలింది. పక్కపక్కకు గెంతి, విస్తరి అంచున ఒక మెతుకు ముక్కున కరుచుకొని ఎగిరిపోయింది. నేను స్పష్టంగా చూశాను.

“ముట్టింది,” అన్నాను.

ఆమె ఉలిక్కిపడి విస్తరి దగ్గరకు వంగింది. ఒక మెతుకు తగ్గితే ఏం తెలుస్తుంది?

“నేను చూడలేదు.”

“నేను చూసిన.”

“ఆఫీసుల తేదీ, టైము గూడ తప్పు రాయనోడివి,” అంది నా ముఖంలోకి చూస్తూ. “నా కోసం గిప్పుడు అబద్ధం ఆడుతున్నవు.”

ప్రమాణం చేయబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఫోన్ తీసుకొని, చిత్రాన్ని మొదటి నుంచి పెట్టి, విస్తరి ముందు కూర్చుంది. ఈసారి తెర వైపు చూడలేదు.