నీళ్ళెటు పోతాయి?

మా బాబాయ్‌కి ఈ భూప్రపంచంలో ఏ నేల మీదా నమ్మకం లేదు. బాబాయ్ అంటే చుట్టరికమేమీ కాదు. మా ఆఫీసులో అందరికంటే పెద్దవాడు, కంప్యూటర్‌లో భవనాల నమూనాలు కట్టడంలో మాకు గురువు. జేబులో ఎప్పుడూ ఒక ఆకుపచ్చ గాజు గోళీ ఉంటుంది. ఎవరింటికెళ్ళినా ముందు వంగి ఆ గోళీని నేల మీద పెడతాడు. అది ఎటు దొర్లుతుందో చూసి, తల పంకించి, అప్పుడు "బావున్నారా?" అని పలకరిస్తాడు.

ఒకసారి తోడల్లుడు కొత్త ఇల్లు కొన్నాడని చూడ్డానికి వెళ్ళాడు. గోళీ హాల్లోంచి బయల్దేరి పడగ్గదిలోకి దూరి బీరువా కిందికి పోయింది. నలుగురూ కలిసి బీరువా జరపాల్సొచ్చింది.

"ఇల్లెలా ఉంది అన్నయ్యా?" అన్నాడు తోడల్లుడు, రొప్పుతూ.

"దివ్యంగా ఉందోయ్. కానీ నీ హాలు నీ పడగ్గదిలోకి వెళ్ళిపోతోంది."

అప్పట్నుంచి బాబాయ్ వస్తున్నాడంటే చాలు, ఆ ఇంట్లో తివాచీ పరుస్తారు. అది మర్యాద అనుకుని బాబాయ్ తెగ సంతోషిస్తాడు.

డాక్టరు దగ్గరా ఇదే వరస. "రక్తపోటు కాస్త ఎక్కువగా ఉందండీ" అని ఆయనంటే, "ఉండదా మరి? మీ గది నేల చూశాక పెరిగింది" అన్నాడట. వాళ్ళావిడ ఈ సంగతులన్నీ నవ్వుతూనే చెబుతుంది. "నన్ను చూసుకోడానికి వచ్చిన రోజున తలెత్తితే ఒట్టు! అబ్బాయికి ఎంత సిగ్గో అని మా అమ్మ మురిసిపోయింది. తీరా చూస్తే ఈయన నేల చూస్తున్నారమ్మా!"

ఇక ఆఫీసులో మా పాట్లు దేవుడికెరుక. ఒక స్లాబు గీసి ఊపిరి పీల్చుకునేలోపు వెనక నుంచి గొంతు వినిపిస్తుంది.

"నీళ్ళెటు పోతాయమ్మాయ్?"

"ఇది పడగ్గది బాబాయ్. ఇక్కడికి నీళ్ళెందుకొస్తాయి?"

"రావని మనం అనుకుంటాం. కుళాయి అనుకోవద్దూ?"

ఒకరోజు నేను స్నానాలగది స్లాబులో తూము దగ్గరి బిందువు పట్టుకుని కిందికి లాగి, వాలు భలే కుదిరిందని మురిసిపోతున్నాను. బాబాయ్ వచ్చి నమూనాని తిరగేసి అడుగు చూపించాడు. స్లాబు పైనా కిందా కలిపి మొత్తం వంగిపోయింది. కింది అంతస్తు కప్పు ఓ మూల వేలాడుతోంది.

"నీళ్ళు శుభ్రంగా పోతాయి. కానీ కిందింటాయన జన్మంతా మెడ వంచుకుని పళ్ళు తోముకోవాలి."

"మరేం చెయ్యను?"

"పై పొర ఒక్కటే మందం మార్చుకునేలా ఇదిగో, ఇక్కడ టిక్కు పెట్టు. వాలు పైనే సర్దుకుంటుంది. పైవాళ్ళ వ్యవహారం కిందవాళ్ళ నెత్తిన పడకూడదమ్మాయ్."

టిక్కు పెట్టగానే స్లాబు అడుగు బుద్ధిగా చదునైపోయింది.

ఇంతటి బాబాయ్‌కి గోళీ తీసే వీల్లేని చోటు ఒక్కటే ఉంది, అది మా ఆఫీసే. "ఈ ఆఫీసు నేనే గీసి, నేనే కట్టించాను. దీనికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు" అని మా బాస్ వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. బాబాయ్ ఉద్యోగంలో చేరిన రోజునే, జేబులోకి చెయ్యి పోతుండగా ఆపేశాడు. "ఇక్కడ గోళీలాటలు కుదరవు. నేల మీద ఆ గోళీ కనపడిందో, మర్నాటి నుంచి మీరు కనపడరు." పాపం, ఆనాటి నుంచి బాబాయ్ ఆఫీసులో కాళ్ళకేసి చూడకుండా నడవడం అలవాటు చేసుకున్నాడు.

ఆఫీసు కడిగే పిన్ని మేం వచ్చేలోపే పని ముగించుకుని వెళ్ళిపోయేది. ఆరోజు ఓ పెద్ద క్లయింటు మొదటిసారిగా, అదీ పొద్దున్నే, వస్తానన్నాడని అందరం ముందుగా వచ్చాం. నడవాలో పిన్ని రబ్బరు కర్రతో నీళ్ళని తూమువైపు తోస్తోంది. క్లయింటు తళతళలాడే బూట్లతో గుమ్మంలో అడుగుపెట్టి, అక్కడి మడుగులో జారి, నమస్కారం పెడుతూనే కూలబడ్డాడు. దెబ్బ తగల్లేదు గానీ ప్యాంటు తడిసి ముద్దయింది.

బాస్ మొహం ఎర్రబడింది. "ఎప్పుడు చూసినా ఈ గుమ్మం దగ్గర తడే! రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

పిన్ని కర్ర గోడకి ఆనించి చేతులు జోడించింది. "తోస్తూనే ఉన్నాను బాబూ. ఎంత తోసినా వెనక్కే వస్తున్నాయి. ఈ పని పోతే, ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?"

"నీ బద్ధకానికి నా నేలని అంటావా?"

మేమంతా తలలు దించుకున్నాం. అప్పుడు టక్కుమని చప్పుడైంది. బాబాయ్ తూము పక్కన గోళీ పెట్టాడు! అది కాస్త తటపటాయించి, బయల్దేరి, నడవా పొడవునా దొర్లి, పిన్ని కాళ్ళ పక్కనుంచి వచ్చి బాస్ బూటుకి తగిలి ఆగింది.

"నీళ్ళెటు పోతాయి సార్?" అన్నాడు బాబాయ్.

బాస్ వంగి గోళీకేసి చూశాడు. బాబాయే వెళ్ళి కంప్యూటర్‌లో ఆఫీసు పాత నమూనా తెరిచాడు. "ఇదిగో సార్, వాలు బాణం తూమువైపే ఉంది. కానీ తూము దగ్గర పల్లం, గుమ్మం దగ్గర ఎత్తు ఉండాల్సింది, అంకెలు తారుమారయ్యాయి. మేస్త్రి అంకెల్ని నమ్మి కట్టాడు. పాపం, పిన్ని రోజూ నీళ్ళని మెరకకి తోస్తోంది."

"ఎవరండీ ఇది గీసింది?" అన్నాడు క్లయింటు, ప్యాంటు పిండుకుంటూ.

బాస్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనేనండీ" అన్నాడు బాబాయ్. "ఆరోజు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయొచ్చాను."

క్లయింటు పడీ పడీ నవ్వాడు. "ఓహో, అందుకా గోళీ పట్టుకుని తిరుగుతున్నారు! మా ఇంటి పని మొదలైనప్పుడు కూడా తీసుకురండి."

ఆయన వెళ్ళాక బాస్ కుర్చీ లాక్కుని బాబాయ్ ఎదురుగా కూర్చున్నాడు. "ఆ నమూనా గీసేనాటికి మీరు ఇక్కడ చేరనే లేదు కదండీ?" అన్నాడు.

"అలాగా సార్? ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది."

బాస్ లేచి నడవాలోకి వెళ్ళాడు. "పిన్నీ, తప్పు నాది. నువ్వెక్కడికీ వెళ్ళొద్దు."

"మరి నీళ్ళు బాబూ?"

"అవి వెళ్తాయి. నేల మళ్ళీ వేయిస్తాను."

పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బాబాయ్‌ని పక్కకి లాక్కెళ్ళి, "చెయ్యని తప్పు నెత్తినేసుకోవడమేంటి? ఉద్యోగం పోయుంటేనో?" అని కోప్పడ్డాను.

"నెత్తినేసుకోవడమేముందమ్మాయ్? చిన్న టిక్కు పెట్టాను, అంతే. వాలు పైనే సర్దుకుంది" అన్నాడు.

కొత్త నేల ఆరిన రోజున బాస్ మొహమాటపడుతూ వచ్చి బాబాయ్ ముందు చెయ్యి చాచాడు. "ఒక్కసారి ఆ గోళీ ఇస్తారా?"

గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మా అందరి ముందూ గోళీ వదిలాడు. అది చక్కగా తూముదాకా దొర్లి, జాలీ ఇంకా బిగించలేదేమో, గుటుక్కున లోపలికి పోయింది. పిన్ని చప్పట్లు కొట్టింది. బాస్ నాలిక్కరుచుకున్నాడు. "అయ్యయ్యో, మీ గోళీ!"

"పోనివ్వండి సార్, నీళ్ళు కూడా అటే పోతాయి" అంటూ బాబాయ్ రెండో జేబులోంచి ఇంకో గోళీ తీశాడు.