కళ్లు తెరిచి చేసిన యోగా

ఆ యోగా క్లాసు కబురు నాకు మొదట తెచ్చింది మా వదిన లక్ష్మి. దేవుడు ఆమెను చల్లగా చూడాలి. కానీ ఆ రోజుల్లో ఆమెను చూస్తే నాకు కుళ్లుగా ఉండేది. తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, మంచం మీద వాలగానే గురక పెట్టేది.

నా భర్త దుబాయ్‌లో ఉండటంతో నేను ఆర్మూర్‌లో అన్న ఇంట్లో ఉండేదాన్ని. ఒక ఏడు, ఉడికించిన పసుపు కొమ్ములు ఆరబోసిన కల్లంలో, మాకు తెలిసిన మనిషే నా మీద అత్యాచారం చేశాడు. ఎవరికీ చెప్పలేదు. బాగానే ఉన్నాననుకున్నాను. కొన్ని నెలలకు శ్రావణ శుక్రవారం పేరంటంలో, అందరికీ రాసినట్టే వదిన నా పాదాలకూ పసుపు రాసింది. ఆమె చెయ్యి మడమను పట్టుకోగానే గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు. ముత్తైదువలందరి ముందూ ఆమెను కాలితో తన్నేశాను.

"దిష్టి తగిలింది పోరికి," అంది వదిన నడుం రుద్దుకుంటూ.

పసుపుతో పోని రోగం లేదని మా దగ్గర నమ్మకం. పాలల్లో పసుపు, ఒంటికి పసుపు, కొమ్ము కాల్చి పొగ. అన్నీ ప్రేమతోనే చేసింది. ఆ పసుపు వాసనే నా జబ్బని చెప్పాలంటే కల్లం సంగతీ చెప్పాలి. గడపకు పసుపు పెట్టడం మానేశాను. వీధిలో ఏ గడప పచ్చగా కనిపించినా ఆ ఇంటి ఆడమనిషి మీద అసూయ పుట్టేది.

నిజామాబాద్‌ దవాఖానలో ఈసీజీ తీశారు, థైరాయిడ్ టెస్టు చేశారు. అన్నీ నార్మల్. చివరికి మానసిక వైద్యురాలు వదినను బయట కూర్చోబెట్టి అడిగితే చెప్పాను. "ఇవి పానిక్ అటాక్స్ అమ్మా. ట్రామా వల్ల వస్తున్నాయి. నీ తప్పేం లేదు," అంది. నాకు బడి చదువు లేదు, నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఆ పేర్లు విన్నవి విన్నట్టే రాస్తున్నాను. నన్ను అడిగాకే డాక్టరమ్మ వదినకూ చెప్పింది. ట్యాబ్లెట్లతో నిద్ర కొంచెం వచ్చింది, భయం పోలేదు.

తర్వాత దవాఖానలోనే విచారించి వదిన కబురు తెచ్చింది. "నీ అసోంటోళ్ల కోసమే ఓ టీచరమ్మ యోగా నేర్పుతదట, మన ఆర్మూర్లనే. పోదాం పా. గీసారి తన్నినా ఏమనను."

ఆ గదిలో టీచర్ తలుపుకు గొళ్లెం పెట్టలేదు. మా వెనక్కి రాలేదు, ఎవరినీ తాకి సరిచేయలేదు. "కళ్లు మూసుకోవాలనేం లేదు. వద్దనిపిస్తే ఆపేయండి, నన్ను అడగక్కర్లేదు," అనేది. నేను కళ్లు తెరిచి, తలుపు వైపు చూస్తూ కూర్చునేదాన్ని. నందిపేట్ నుంచి ఆటోలో వచ్చే కమల నాకన్నా చిన్నది, ఆమెకూ ఇలాంటిదే జరిగింది. మొదటి రోజే కళ్లు మూసుకుని హాయిగా పడుకుంది. ఉపవాసాలుండేది నేను, రోజూ దీపం పెట్టేది నేను. దేవుడు ఆ నెమ్మది ఆమెకిచ్చి నాకెందుకు ఇవ్వలేదని కడుపు మండేది.

ఒకరోజు పంతం పట్టి నేనూ కళ్లు మూసుకుని పడుకున్నాను. పసుపు లేని గదిలో పసుపు వాసన వచ్చింది. వణికిపోయాను, వాంతి చేసుకున్నాను. టీచర్ నన్ను పట్టుకోలేదు. కాస్త దూరంలో కూర్చుని, "నేనిక్కడే ఉన్నాను. అరికాళ్ల కింద నేల తెలుస్తోందా?" అంది. చాలాసేపటికి తెలిసింది.

ఇక రానని బయట మెట్ల మీద కూర్చుంటే కమల వచ్చి పక్కన కూర్చుంది.

"ఎందుకక్కా గట్ల చేసినవ్?"

"నీ లెక్క పండాలనిపించింది. నిన్ను చూస్తే కుళ్లు నాకు."

ఆమె నవ్వింది. "నాకైతే నిన్ను చూస్తేనే కుళ్లు! గంతసేపు కండ్లు తెర్సుకొని ఎట్ల కూసుంటవ్? నేను భయానికి మూస్త. ఎవ్వలన్న వస్తే తలుపుకాడ అక్క చూస్తది అనుకుంట. గందుకే నిద్రొస్తది."

మర్నాడు మళ్లీ వెళ్లాను. సిగ్గుపడకుండా కళ్లు తెరిచే చేశాను. నెలలు గడిచేకొద్దీ భుజాలు వదులయ్యాయి, ఊపిరి కడుపు దాకా దిగింది. ఒక మధ్యాహ్నం రెప్పలు వాటంతటవే పడ్డాయి.

ఇప్పుడు డాక్టరే ట్యాబ్లెట్లు ఆపించింది. మార్కెట్‌కు పసుపు బస్తాలు వచ్చే రోజుల్లో ఇంకా ఇబ్బందే. పేరంటంలో వదిన గిన్నె పట్టుకుని, "రాయాల్నా, వద్దా?" అంటుంది. వద్దంటే పక్కామె దగ్గరికి జరుగుతుంది, అంతే. మీ ఇంట్లో ఇలా దెబ్బతిన్న మనిషి ఉంటే, ప్రేమతోనైనా సరే, చెయ్యి వేసే ముందు అడగండి.

కమలను వాళ్లవాళ్లు పనికోసం మహారాష్ట్రలోని భివండికి తీసుకెళ్లారు. కబురు లేదు. నాకిప్పుడు నిద్ర పడుతోంది. అక్కడ ఆమె కళ్లు మూసుకుంటే తలుపు వైపు ఎవరు చూస్తున్నారో తెలియదు. మీరు దీపం పెట్టేటప్పుడో, ప్రార్థన చేసుకునేటప్పుడో కమలను ఒక్కసారి తలుచుకోండి. పేరు మార్చి రాశాను. ఎవరి గురించి అడుగుతున్నారో దేవుడికి తెలుస్తుంది.