బ్యాటరీ మీద తెల్లపొడి

మొన్న కోదాడలో నా పాత కారు స్టార్ట్ కాలేదు. టెర్మినళ్ల మీద తెల్లపొడి పేరుకుని ఉన్నా, మెకానిక్ సరిగ్గా చూడకుండానే "బ్యాటరీ ఖతం మేడం, మార్చాలె" అన్నాడు. వేడినీళ్లు అడిగితే నన్ను వింతగా చూశాడు. ఏమీ తెలియని ఆ ధీమా నాకు కొత్త కాదు. మా పెదనాన్నకూ ఉండేది.

పొద్దున్నే కారు తోసిన రోజులు మీలో ఎందరికి గుర్తున్నాయి? మిర్యాలగూడలో మా కారుకు పెదనాన్నే పెద్ద ఇంజనీరు. ఒక్క ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్పించిన మేధావి.

ఓ పొద్దున నాయనమ్మకు ఆయాసం ఎక్కువైంది. నాన్న ఊళ్లో లేడు. ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టి పెదనాన్న తాళం తిప్పితే, కారు టక్కుమని ఊరుకుంది.

"మళ్ల బ్యాటరీ పోయింది. షాపు తెరిసేదాంక ఆగాలె" అన్నాడు.

నాయనమ్మ ఊపిరాడక కొట్టుకుంటోంది. అమ్మ హెడ్‌లైట్లు వేసింది. బాగానే వెలిగాయి. తాళం తిప్పగానే పూర్తిగా ఆరిపోయాయి.

"బ్యాటరీ మంచిగనే ఉన్నది బావా. వైరు కాడ కరెంటు ఆగుతున్నది. జర పక్కకు జరుగుండ్రి."

బానెట్ ఎత్తి, టెర్మినళ్ల మీది తెల్లపొడి వేడినీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, వైర్లు బిగించింది. కారు ఒక్కసారికే అందుకుంది. పెదనాన్న ఏమీ ఎరగనట్టు వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

సాయంత్రం దవాఖానలో, చూడవచ్చిన చుట్టాలతో అంటున్నాడు: "వైరు సంగతి నేను కనిపెట్టిన కాబట్టి సరిపోయింది."

నాయనమ్మ కళ్లు తెరవకుండానే అంది: "ఆయాసం నా రొమ్ముకొచ్చింది గని, చెవులకు రాలేదు కొడుకా."